అడ్డాకుల మీద పన్నెండు ఇళ్లు

2023 జూలై. అరకు లోయలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, రికార్డు గదిలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి అప్పటికి ఏడాదిన్నర. విజయనగరం వైపు పల్లెలో వరీ చెరకూ పండించే ఇంటి నుంచి వచ్చినదాన్ని. నలుగురిలో నోరు విప్పాలంటే జంకే నాకు కాగితాల మధ్య ఉద్యోగం దొరకడం అదృష్టమే అనిపించేది. అటెండర్ రామునాయుడు గారు మాత్రం రోజుకొకసారైనా అనకుండా ఉండేవారు కాదు: "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేటి మేడం? మీకు ఇల్లు అద్దెకిచ్చినోళ్లు మీరు మూగోరనుకుంటన్నారంట!"

రికార్డు గది అంటే దుమ్ము అనుకుంటారు. మా కొండల్లో అసలు శత్రువు చెమ్మ. జూన్ నుంచి అక్టోబరు దాకా గోడలు తడిసి ఉంటాయి. కట్టలు విప్పి, పుటలు ఆరబెట్టి, పురుగు పట్టినవి వేరు చేసి మళ్లీ కట్టడంతోనే సగం రోజు గడిచిపోతుంది. ఎవరికైనా పాత కాగితం కావాలంటే ఇండెంట్ రాసి ఇవ్వాలి, అంటే ఫలానా ఫైలు కావాలని అడిగే చీటీ. ఫైళ్లన్నిటికీ ఒకే ఆయుష్షు ఉండదు. కొన్ని ఏడాదికే చింపేయవచ్చు, కొన్ని పదేళ్లు ఉంచాలి. ఆర్.డిస్. అని ముద్ర పడినవి మాత్రం ఎప్పటికీ దాచాలి. తెల్లదొరల కాలపు ఫైళ్లు మా దగ్గర మిగిలినవి దాదాపు అన్నీ అవే.

ఆ నెలలో ఒక సంతరోజు, పసుపు కొమ్ముల మూట భుజాన వేసుకుని ఒక ముసలమ్మ గుమ్మంలో నిలబడింది. పేరు దొయిమతి. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. మూట బయటే దింపి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. ఆఫీసుకు కాళ్లు కడుక్కుని వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"ఏటి గుంటా, మా ఊరిని తగలెట్టిన కాయితం నీ కాడ ఉంటాదంట?" అని అడిగింది.

విషయం ఇది. ఆమె తాతల ఊరు ఇప్పలగుడ. తెల్లదొరలు ఘాట్ రోడ్డు వేయిస్తున్న రోజుల్లో కూలి ఇవ్వకుండా రాళ్లు మోయమన్నారు. ఊరు మోయనంది. పోలీసు పటాలం వచ్చి ఇళ్లకు నిప్పు పెట్టింది. మిగిలినవాళ్లు కొండలు దాటి పారిపోయారు. ఖాళీ అయిన ఆ నేల తర్వాత రిజర్వు అడవిలో కలిసింది. ఊరి సంతానం డుంబ్రిగుడ వైపు వాలుల మీద పరాయివాళ్ల భూమిలో పంటలో వాటా ఇచ్చి పాలుకు చేసుకుంటూ, ఏటా ఎవరు పొమ్మంటారోనని బతుకుతోంది. పరిహారం లేకుండా, చట్టం లేకుండా వెళ్లగొట్టబడిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని అటవీ హక్కుల చట్టంలో ఉంది. దాని కింద వాళ్లంతా దరఖాస్తు పెట్టారు. అయితే పాత రిజిస్టరులో ఇప్పలగుడకు ఎదురుగా 'బేచిరాగ్' అని ఉంది. దీపం వెలగని ఊరు, అంటే జనం లేనిది. పక్కన మరో వాక్యం: ప్రజలు తమంతట తామే వదిలి వెళ్లారు. ఆ వాక్యం తప్పని నెల రోజుల్లో రుజువు చేయకపోతే దరఖాస్తులన్నీ కొట్టేస్తామని డివిజన్ కమిటీ చెప్పింది.

నేను సూచికలన్నీ మూడు రోజులు చూశాను. ఇప్పలగుడ పేరుతో ఒక్క ఫైలూ లేదు. మళ్లీ సంతకు వచ్చినప్పుడు ఆమెతో ఆ మాటే చెప్పాను.

"ఊరు పేరున ఎతికినావా?" అంది.

"అవునవ్వా."

"ఊరు పేరు మాకు కావాలి గానీ ఆళ్లకెందుకు? ఆళ్లు మాకోసం వచ్చినారేటి, రోడ్డు కోసం వచ్చినారు. రోడ్డు కాయితాల్లో ఎతుకు."

రామునాయుడు గారు పగలబడి నవ్వారు. "ఇన్నేళ్ల సర్వీసులో నాకు రాని ముక్క! అవ్వా, నీకు ఇక్కడే కుర్సీ ఏయించీమంటావా?"

"కుర్సీ ఎందుకు బాబూ, కింద కూకుంటే పడిపోను," అంది దొయిమతి.

రోడ్డు పనుల కట్టలు అటక మీద ఉన్నాయి. నాలుగో రోజు మధ్యాహ్నం, రాళ్లు, పలుగులు, గాడిదల మేత లెక్కల మధ్య ఇప్పలగుడ సంగతున్న ఆర్.డిస్. ఫైలు దొరికింది. కొండవాళ్లకు మాటలతో పని కాదనీ, పొగ చూస్తేనే బుద్ధి వస్తుందనీ అర్థం వచ్చేలా ఒక దొర పై అధికారికి ఉత్తరం రాశాడు. రాతలో తొందర లేదు, కోపం కూడా లేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. వెనక ఒక జాబితా: కాల్చిన గుడిసెలు పదకొండు, ఒక్కోదానికి ఇంటి యజమాని పేరు. ఆ తర్వాత పటాలం దినచర్య పుటలు కొన్ని ఉన్నాయి, చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయి. జాబితా దొరికిన సంతోషంలో వాటిని విడదీసే పని తర్వాతకు వదిలేశాను.

కమిటీకి ఫైలుతోపాటు పెద్దల వాంగ్మూలం కూడా కావాలి. ఊళ్లో ఎవరెవరి ఇళ్లు ఉండేవో చెప్పమని దొయిమతిని అడిగాను. ఆమె నేల మీద కూర్చుని, "ఆకులు తెప్పించు," అంది. ఎందుకో అర్థం కాలేదు. రామునాయుడు గారికి అర్థమైంది. సంతలోకి వెళ్లి అడ్డాకుల కట్ట ఒకటి తెచ్చారు.

కొత్త పంట మొదటి ముద్ద తినే ముందు పోయినవాళ్లకు పెట్టడం వాళ్ల ఆచారం. ఇంటికొక ఆకు వేసి, ఆ ఇంటివాళ్లను పేరుపెట్టి పిలుస్తారు. ఆకులు వేయకుండా ఆ పేర్ల వరుస ఎత్తకూడదు. వాళ్ల అయ్య ఆమెకు నేర్పాడు. నిప్పు పెట్టిన నాటికి ఆయన తల్లి చంకలోని పిల్లవాడు, ఆయనకు వాళ్లమ్మ నేర్పింది. దొయిమతి బీరువాల మధ్య నేల మీద ఒక్కో ఆకూ పరుస్తూ, అది ఎవరి ఇల్లో, ఇంటి ముందు ఏముండేదో చెబుతూ వెళ్లింది. ఒక ఇంటి ముందు పనస, ఒకదాని పక్కన మేకల దడి, మరొకచోట దంపుడు రాయి. తను ఎన్నడూ చూడని ఊరిని, ఎక్కడా తడుముకోకుండా, రికార్డు గది నేల మీద నిలబెట్టింది. నేను టైపు చేయడం మరిచి, పేర్లు మాత్రం చీటీ మీద రాసుకుంటూ చూస్తూ ఉండిపోయాను.

చివరికి లెక్కపెడితే పన్నెండు ఆకులు.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఫైలు పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే, ఆమె చెప్పిన పేర్లలో పదకొండు జాబితాలో ఉన్నాయి. కానీ వరుస పూర్తిగా తలకిందులు. అక్కడ మొదటిది ఇక్కడ చివరిది. సోనాయి అనే పేరు మాత్రం జాబితాలో ఎక్కడా లేదు. వయసు మీద పడి తికమకపడి ఉంటుందనుకున్నాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే అధికారులకు ఇట్టే కలవాలని, వాంగ్మూలాన్ని ఫైలు వరుసలోకి మార్చి, పదకొండు పేర్లతో శుభ్రంగా టైపు చేశాను. ఆమెకు మేలు చేస్తున్నాననే నమ్మకంతో చేశాను.

ప్రింటు తీసి చదివి వినిపించాను. వేలికి సిరా అంటించుకుని కూర్చున్న దొయిమతి రెండో పేరుకే తల ఎత్తింది. మొత్తం విన్నాక చేయి వెనక్కి తీసుకుంది.

"ఇది నాను సెప్పింది కాదు."

"పేర్లు అవే కదవ్వా? వరుసే మార్చాను."

"కింద ఇంటికాడ్నించి పైకి రాసీసినావు. అగ్గెట్టినోళ్లు అలగ వచ్చినారు, గెడ్డ దాటి, కింద నుంచి. మేం పైనుంచి పిలుత్తాం. మా ఊరి అమ్మోరు జాకరమ్మ రాయి పైనుంది కదా, అక్కడ మొదులెడతాం." మళ్లీ తనే అడిగింది: "సోనాయి ఇల్లేది? ఒగ్గీసినావేటి?"

"పోలీసులు రాసిన లిస్టులో లేదవ్వా."

"కాలిపోతే కదా రాత్తారు! పెద్దిల్లు, వాన కారదు. ఆళ్లు అందులోనే దిగి వండుకు తిన్నారు. రెండు దినాలు మా కోళ్లే!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రామునాయుడు గారు నెమ్మదిగా అన్నారు: "మేడం, ఆయమ్మ సెప్పినట్టే కొట్టీండి. మనం దిద్దడానికి అదేటి మన ఊరా?"

మళ్లీ టైపు చేశాను. పై ఇంటి నుంచి, పన్నెండు ఇళ్లతో, పనస చెట్టుతో, మేకల దడితో సహా. దొయిమతి ఒక్కో పేరుకూ తల ఊపి, చివర వేలిముద్ర వేసింది. ఆమె వెళ్లాక, నేను పక్కన పెట్టేసిన దినచర్య పుటలను ముందేసుకున్నాను. పలచని వెదురు పుల్లతో ఒక్కొక్కటే విడదీయడానికి రెండు రోజులు పట్టింది.

కమిటీ సమావేశం ఆగస్టులో. ఫైలు పట్టుకుని గోడవారగా కూర్చున్నాను. దొయిమతిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. సభ్యుల్లో ఒకాయన రెండు కాగితాలూ పోల్చి పెదవి విరిచారు.

"రికార్డులో పదకొండు ఇళ్లు, ఈవిడ పన్నెండు అంటోంది. వరుసా కలవలేదు. పైగా ఇదంతా ఫైలు చూసి ఎవరో నేర్పించారేమో?"

అధ్యక్షత వహిస్తున్న అధికారి ఆమెనే అడిగారు. ఆమె వరుస సంగతీ, సోనాయి ఇంటి సంగతీ నాకు చెప్పినట్టే చెప్పింది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు.

"ఆ ఇంట్లో పోలీసులు దిగారనడానికి రుజువేమిటి?" అన్నారు సభ్యుడు.

దానికి రుజువైన పుట ఫైల్లో ఎక్కడుందో అక్కడ తెలిసింది నాకొక్కదానికే. లేచి నిలబడ్డాను. "సార్, దినచర్య... మూడో పుట సార్" అని మాత్రం అనగలిగాను. ఫైలు తీసుకెళ్లి ఆయన ముందు తెరిచి పెట్టాను. వాన వల్ల పటాలం రెండు రాత్రులు ఊళ్లోనే ఆగిందనీ, బస కోసం ఒక పెద్ద గుడిసెను కాల్చకుండా ఉంచారనీ అందులో ఉంది. మొదటి రోజు పుటలో, దొయిమతి గెడ్డ అన్న వాగు దాటి దిగువ ఇళ్ల నుంచి పని మొదలుపెట్టారనీ ఉంది.

అధికారి రెండుసార్లు చదివి సభ్యుడి వైపు తిరిగారు. "జాబితా చూసి చెప్పి ఉంటే పదకొండే చెప్పేది కదండీ."

ఆయన పూర్తిగా తగ్గలేదు. "సరే, ఆ ఇల్లు కాలలేదు కదా. మరి ఆ ఇంటివాళ్ల వారసులు నష్టపోయినట్టెలా? పన్నెండో కుటుంబం ఎందుకు అడుగుతోంది?"

చిన్నపిల్లవాడు ప్రశ్న వేసినట్టు దొయిమతి ఆయన్ను చూసింది.

"బాబూ, చుట్టూతా అన్ని ఇళ్లూ బూడిదైపోతే, ఆ ఒక్క ఇంట్లో ఎవుల్తో మాటాడుతాది? సోనాయి తలుపు తీసే ఒదిలేసి, మావోళ్ల ఎనకే నడిసొచ్చీసింది. ఇల్లు కాలకపోయినా ఊరు పోనాది కదా. ఆయమ్మ ఆకు ఎందుకు మానేత్తాం?"

ఆ సభ్యుడే కలం మూత తీసి, తన ముందున్న కాగితంలో పదకొండు కొట్టేసి పన్నెండు అని రాయడం నేను చూశాను. ఆయన మీద కూడా నాకు ఆ క్షణంలో గౌరవం కలిగింది.

సిఫారసు జిల్లా కమిటీకి వెళ్లి, తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. పాత ఊరు ఉన్న చోటు దట్టమైన అడవి అయిపోయింది, అది ఇవ్వలేమన్నారు. దాని దిగువన, గెడ్డకు ఇవతల వాలు మీద, పన్నెండు ఇళ్ల సంతానానికీ పట్టాలు ఇచ్చారు. సోనాయి మునిమనవరాలు పట్టా అందుకున్న రోజు దొయిమతి సంబరంగా అందరినీ తిట్టింది: "బేగి దున్నండి, నాను సచ్చినాక కాదు!" రిజిస్టరులోని పాత వాక్యాన్ని మేం చెరపలేదు, రికార్డును చెరపకూడదు. దాని పక్కన కొత్త ఉత్తర్వు నంబరు వేసి, ఊరిని కాల్చి ఖాళీ చేయించారని రాశాం. ఆ వాక్యం నా చేత్తోనే రాశాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు తరచుగా అడుగుతుంటారు, పాత కాగితాన్ని నమ్మాలా, వచ్చిన మనిషి మాటను నమ్మాలా అని. నేను నేర్చుకున్నది ఇంతే: కాగితం ఏ వైపు నుంచి నడిచి వచ్చిందో చూడాలి, మనిషి చెప్పేది మనిషి వరుసలోనే రాయాలి, రెండూ కలవని చోట చేయి ఆపి అడగాలి. దొయిమతికి చదువు రాదు. సాక్ష్యాన్ని దిద్దకూడదని నాకు నేర్పింది ఆమే. ఆ రోజు ఆమె వేలిముద్ర వేయనన్న కాగితాన్ని చింపకుండా నా డైరీలో దాచుకున్నాను. అప్పుడప్పుడు తీసి చదువుతాను. అందులో అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. ఒక ఇల్లు మాత్రం లేదు.