మోటారు లేని ప్లాంటు రాసిచ్చాను

పాల్వంచ దాటాక అడవి అంచున ఆడపిల్లల హాస్టల్‌కి మురుగునీటి ప్లాంటు కట్టేటప్పుడు ఆ సైటు ఇంజనీరుని నేనే. మోటారు లేని పద్ధతి రాసిచ్చాను. మురుగు ముందు ట్యాంకులో తేరుకోవాలి, పైనీరు వాలుకు కంకర మడిలోకి పారి, తుంగగడ్డి వేళ్ల మధ్య శుభ్రపడి వాగులో కలవాలి. కరెంటుతో పని లేదు. అప్పుడప్పుడు బురద తీస్తే చాలు.

మా పై ఆఫీసరు ఆ కాగితం పక్కకు నెట్టాడు. "గడ్డి పెంచి మురుగు కడుగుతవా? పెద్దోళ్లు చూడనీకి వస్తే మిషన్లు కనపడాలె."

"గాలివాన కొడితే అక్కడ రెండ్రోజులు కరెంటుండదు సార్. మిషన్ ఆగితే బాగుచేసేటోడు హైదరాబాద్ నుంచి రావాలె."

"గవన్నీ కంపెనీ చూసుకుంటది. ఈ మిషన్ల ప్లాను మీద సంతకం పెట్టు."

పెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మురుగులోకి గాలి కొట్టే బ్లోయర్లు, లైట్ల ప్యానెల్ బోర్డు వచ్చాయి. పక్క గూడెం నుంచి ఒకామెను ఆపరేటరుగా పెట్టారు. బోర్డు మీద అంతా ఇంగ్లీషే. రంగుల్ని బట్టి లైట్లు గుర్తుపట్టడం నేనే నేర్పాను. తొలి వానలకే బ్లోయర్ కాలిపోయింది. కంపెనీవాళ్లు ఫోనెత్తితే పార్టు వస్తోందనేవారు, తర్వాత ఎత్తడమే మానేశారు. మురుగు మురుగుగానే వాగులోకి పోయింది. గూడెంవాళ్లు తాగునీళ్లకు చెలమలు తీసుకునేది ఆ వాగు ఇసుకలోనే. ఇంటింటా వాంతులు, విరేచనాలు. ఆపరేటరు అత్తను భద్రాచలం దవాఖానాకు మోసుకెళ్లారు.

ఆఫీసరు విచారణ కాగితం పంపాడు. ఆపరేటరు నిర్లక్ష్యం వల్లే మిషన్ చెడిందని రాసి ఉంది. కింద నా సంతకం కావాలట. ఒళ్లు మండిపోయింది. కాగితం తీసుకుని నేరుగా అతని గదిలోకి వెళ్లాను.

"దీని మీద పెట్టను. అప్పుడు పెట్టిందే తప్పని రాసిస్తా."

"ఉద్యోగం చెయ్యాలని లేదా నీకు?"

బయటికి వచ్చేశాను. జరిగిందంతా రాసి, నా పాత కాగితం జతచేసి పైకి పంపాను. నాకు మెమో వచ్చింది. ఆపరేటరు పని మాత్రం పోలేదు. చాలా నెలలకు కంకర మడికి అనుమతి వచ్చింది. గూడెంవాళ్లే తవ్వారు.

మడిలోంచి తేట నీళ్లు వచ్చిన రోజున ఆమె నన్నడిగింది. "ఇట్ల చెయ్యాలని నీకు ముందే తెలుసా మేడం?"

"అవ్" అన్నాను.

ఆమె పార తీసుకుని వెళ్లిపోయింది.