గ్రూపు ఫోటోలో తిప్పేస్వామి నీడ

నా షాపులో కూర్చుని ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే, టీ అయిపోయింది కదా ఇక బయల్దేరండి అనే రకం నేను. ఫోటోలో ఏదో ఆకారం ఉందని పట్టుకొచ్చినవాళ్లకు, అది రీలు మీద పడ్డ వెలుగని చూపించి పంపేవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. రాయదుర్గంలో నాకు పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు ఉండేది. వానల్లేక శనక్కాయ పంట ఎండిపోయి, ఊళ్లకు ఊళ్లు బెంగళూరు కూలికి పోతున్న రోజులు. పెళ్లిళ్లకు సగం మంది రాలేకపోయేవారు. అలా రాలేనివాళ్లను వీడియో చివర వచ్చే గ్రూపు ఫోటోలో కలపడం నా పని.

పద్ధతి తేలికే. ఫోటోలోంచి మనిషిని కత్తిరించి, కంప్యూటర్లో అట్టబొమ్మలా నిలబెడతాం. వెనక గోడ ఒక పొర, ముందు పెళ్లివాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పొర. కంప్యూటర్లోనే ఎదురుగా ఒక లైటు పెట్టి కదిలిస్తే నేల మీదా గోడ మీదా నీడలు కదులుతాయి. అందరూ నిజంగా ఒక్కచోట నిలబడినట్టే ఉంటుంది.

మా వైపు దీనికో కట్టుబాటు ఏర్పడింది. ఊళ్లో లేకున్నా బతికున్న మనిషైతే వరసలో నిలబెట్టి నీడ వేయాలి. పోయినవాళ్లకు దండ వేసి పైన గోడ మీద పెట్టాలి, నీడ ఉండకూడదు. ఒకసారి బతికున్న తాతకు నీడ మరిచిపోతే ఆయన కొడుకులు షాపు మీదికొచ్చారు!

ఒక రోజు కుందుర్పి వైపు నుంచి లక్ష్మక్క, ఆమె మరిది హనుమంతు వచ్చారు. పెళ్లి హనుమంతుది. లక్ష్మక్క మొగుడు తిప్పేస్వామి, వేయించిన బోర్లన్నీ ఎండిపోయాక బెంగళూరు పోతానని బస్సెక్కాడు. ఏడాది దాటినా మనిషి లేడు, కబురు లేదు. తెచ్చిన ఫోటోలో తలకు తువ్వాల చుట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలనే దాని మీద ఇద్దరూ నా ముందే గొడవపడ్డారు.

"బతికుంటే ఒక ఫోనన్నా చేయకుండా ఉంటాడా వదినా? నాయనకు కండ్లు కాయలు కాసినాయి. దండ ఏపిచ్చు," అన్నాడు హనుమంతు.

"ఆయప్ప చచ్చింది నువ్వు పోయి చూసినావా?" అని ఆమె కసిరి, నా వైపు తిరిగింది. "నీడ ఎయ్యప్పా. నా పక్కన నిలబెట్టు."

ఆమె చెప్పినట్టే చేసి లైటు వెలిగించాను. అందరి నీడలూ పడ్డాయి. తిప్పేస్వామిది పడలేదు.

నీడ ఆన్‌లోనే ఉంది. తీసి మళ్లీ పెట్టాను. సిస్టం ఆపి మళ్లీ వేశాను. ఆయన స్థానంలో నా ఫోటో పెడితే నల్లగా నీడ పడింది. మళ్లీ ఆయన్ను పెడితే లేదు. చివరికి లైటు ఫోటో గుండా పోయేట్టు మార్చాను. అలా చేస్తే రంగు అద్దంలోంచి ఎండ పడ్డట్టు, ఫోటోలోని బొమ్మ గోడ మీద పడాలి. గోడ తెల్లగానే ఉంది. అక్కడ ఎవరూ లేనట్టే వెలుగు దాటిపోయింది.

ఇది మెషీన్ తప్పక్కా, మనిషికీ దీనికీ సంబంధం లేదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఆమె వింటేగా! ఏడవలేదు కూడా. స్క్రీను మీద ఆయన కాళ్ల దగ్గర, నీడ లేని చోట వేలు పెట్టింది.

"దండ ఎయ్యప్పా," అంది.

తిప్పేస్వామిని తీసి గోడ మీద పెట్టాను. లక్ష్మక్క పక్కన ఆ జాగా మాత్రం ఖాళీగా వదిలేశాను. మిగతావాళ్లను దగ్గరికి జరపడానికి మనసు రాలేదు. సీడీ హనుమంతు తీసుకుపోయాడు. తర్వాత ఇంట్లో కర్మ జరిపించారని, ఆమె గాజులు తీసిందని విన్నాను. కంప్యూటర్లో నీడ పడలేదని ఒక మనిషిని చంపేశామా?

కొన్నాళ్లకు ఆమె ఒక్కతే ఆ సీడీ పట్టుకొచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులు బోసిగా ఉన్నాయి. పెట్టి చూడమంది. చివర్లో కుటుంబమంతా నిలబడే బొమ్మ వచ్చింది, లైటు కదిలింది. ఆమె పక్కన, ఆ ఖాళీ జాగాలో, నేల మీద మగమనిషి నీడ. తలకు చుట్టిన తువ్వాలతో సహా. మనిషి లేడు, నీడ ఉంది.

అసలు ఫైలు తెరిచాను. ఆ జాగాలో ఏ పొరా లేదు, నీడా లేదు. ఆ ఫైలునే ఇంకో సీడీకి ఎక్కించాను. దాంట్లోనూ ఆ నీడ వచ్చింది.

తెలిసినవాళ్లెందరికో చూపించాను, ఎందుకిలా అయిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. తిప్పేస్వామి రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఇన్నేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నాను, నాకూ అంతుపట్టలేదు. లక్ష్మక్క ఆ రోజు నా కుర్చీ పట్టుకుని ఒకటే మాట అడిగింది.

"ఇప్పుడు నన్నేం చేయమంటావప్పా? బొట్టు పెట్టుకోవల్నా, వద్దా?"