గీత దాటిన గుండు

మొన్న బోధన్ బస్టాండు ఎదురుగా, సరిగ్గా నా చెరుకురసం బండి నెత్తిన, ఒక ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో మా మేనమామ కూతురు, అంటే నా మరదలు, మెడలో పతకంతో నిలువెత్తున నవ్వుతోంది. శుభాకాంక్షలు తెలిపేవాళ్ళ వరసలో కింద నేనూ ఉన్నాను, బొటనవేలంత. గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ తలెత్తి, "గామె నీకేమైతది అన్నా?" అంటాడు. మరదలని చెప్పామా, ఇక ఆమె ముచ్చటే. ఇన్నేళ్ళుగా జోకులు చెప్పి ఈ బండి దగ్గర జనాన్ని నిలబెట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు నా జోకు వినే చెవి లేదు. సన్మానం రోజు ఆమెకు శాలువా కప్పుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. చేతులు బాగానే మోగాయి గాని కడుపు మండింది.

అసలు మా ఇంట్లో ఆటగాణ్ణి నేను. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది గాని పరుగు వదల్లేదు. చెరుకు తోటలో అడవిపందిని తరిమితే పందే ముందు అలిసిపోయేది. అయినా మా మామ ఒక్కనాడు శభాష్ అనలేదు. ఆయన నోట ఆ మాట రావడమంటే ఎండాకాలం కాలువ చివరి పొలానికి నీళ్ళు రావడమే. మరదలికి పసితనంలో వచ్చిన జ్వరంతో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చెరుకు కొట్టే రోజుల్లో ఆమెను ఎత్తి ట్రాక్టర్ ట్రాలీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. మామ కింద నిలబడి మోపు పైకి విసిరితే, ఆమె అందుకుని వరసగా పేర్చేది. "ఏం రాణీ, సింహాసనం మంచిగున్నదా?" అని నేను కింద నుంచి ఏడిపిస్తే, "నువ్వు జర గిటు జరుగు బావా, మోపు జారితే నాది పూచీ లేదు" అనేది. ఆ చేతుల బలం చూసి ఒక వ్యాయామం సారు, కూర్చుని విసిరే పోటీలు ఉంటాయని చెప్పి ఇనుప గుండు ఇచ్చాడు. ఇచ్చిన నెలలోనే బదిలీ మీద పోయాడు. ఎట్లా విసరాలో చెప్పే దిక్కు లేదు. ఎంపికకు ఎంత దూరం పడాలో మాత్రం సారు చెప్పిపోయాడు, ఆ దూరానికి మేమే వాకిట్లో సున్నంతో గీత గీశాం. ఆమెకు అలవాటైన చోటు కదా అని ట్రాలీ మీదే కూర్చోబెట్టాం. గుండు రోజూ గీత దాటి పడేది. ఇక పతకం మనదే అనుకున్నాం.

నిజామాబాద్‌లో ఎంపిక పోటీలకు బయల్దేరిన పొద్దున మామ తేల్చి చెప్పాడు. "గీ ఒక్కపారి పోదాం బిడ్డా. గీత దాటకుంటే మల్ల గా ముచ్చటెత్తొద్దు. బీడీల చాట ముంగట కూసోవాలె." బీడీలు చుట్టి చుట్టి వంగిపోయిన మా అత్త నడుము వైపు ఆమె ఒకసారి చూసింది, అంతే.

మైదానంలో పొట్టి ఇనుప స్టూలు. దాన్ని నేలకు, ఆమెను దానికి తాళ్ళతో కట్టే పని నాది. మొదటి గుండు గీతకు మూరెడు ఇవతల పడింది. రెండోదీ అంతే. మామ మొహం వాడిపోయింది. నాకు నోరు ఊరుకోదు కదా, "మామా, ట్రాలీని గూడ బస్సెక్కియ్యాల్సుండె" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్టూలు కింద నేలను చూసింది.

"ఔ బావా! ఇన్నొద్దులు మనం మీదికెల్లి కిందికి కొట్టినం" అని తండ్రి వైపు తిరిగింది. "బాపూ, నువ్వు కిందికెల్లి మోపు ఎట్ల ఇసిరేటోనివి? జర సూపెట్టు."

మామ అక్కడే ధోవతి ఎగగట్టి, లేని మోపును పట్టుకుని, భుజం కిందికి దించి, ఆకాశంలోకి లేపాడు. "ఓ పెద్దాయనా, బయటకు పో!" అని పోటీ సారు ఈల ఊదాడు. ఆమె అప్పటికే చూసేసింది. భుజం అట్లాగే దించి, పైన ట్రాలీ మీద అందుకోవడానికి తనే కూర్చున్నట్టు, పైకి విసిరింది. గుండు గీత అవతల పడి దుమ్ము లేపింది.

"శభాష్ బిడ్డా!" అని మామ అరిచిన అరుపుకు మైదానమంతా ఇటు తిరిగింది. పరుగెత్తుకొచ్చి, తాళ్ళు విప్పకుండానే స్టూలుతో సహా ఎత్తబోయాడు. "ఆగు మామా, నడుం పోతది!" అంటూ నేను ముళ్ళు విప్పుతున్నాను. ఆ శభాష్ నా చెవి పక్క నుంచే ఆమెకు పోయింది. ఆమె మీద జాలిపడటం నాకు చిన్ననాటి నుంచీ తెలుసు, అది తేలిక. కుళ్ళుకోవడం ఆ రోజే మొదలైంది. ఇది బరువు.

ఆ గీత దాటి ఇన్నేళ్ళైనా, ఆమె ఎక్కడ విసిరినా తాళ్ళు కట్టేది నేనే. ముడి వేస్తుంటే ఈమధ్య నా వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. ఆమె భుజం మాత్రం ఏటికేడు గట్టిపడుతోంది. ఇద్దరి మీది నుంచీ పోయినవి అవే సంవత్సరాలు కదా. నా దగ్గర గుంజుకున్నదంతా తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టి పోయాయేమోనని నా అనుమానం.