గ్రాఫిక్స్ కార్డు, ఇడ్లీ పిండి

రెండు వేల తొమ్మిదిలో మేము మస్కట్‌లో, ఘుబ్రాలో ఉండేవాళ్ళం. మావారు అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు. ఫోటోలు దాచుకోవడానికి, సినిమాలు చూడటానికి ఒక లాప్‌టాప్ కొందామని ఓ గురువారం సాయంత్రం షాపుకు వెళ్ళాం.

షాపులోని మలయాళీ ఆయన రెండు రకాలు తీసి పెట్టాడు. ఒకదానిలో గ్రాఫిక్స్ లోపలే కలిసి ఉంటుందట. రెండోదానికి విడిగా కార్డు ఉందట. నాకు ముక్క అర్థం కాలేదు.

"మొదటిది ఉమ్మడి కాపురం. ఉన్న మెమరీలోనే అందరూ సర్దుకోవాలి. రెండోది వేరు కాపురం. దాని మెమరీ దానిదే," అని మావారు విడమరిచారు.

"వేరు కాపురమైతే కరెంటు ఎక్కువ తినదుటండీ?"

"మేడమ్, ఆప్ కా కామ్ కో పహలావాలా బస్ హై," అన్నాడు షాపాయన. మాకు మొదటిదే చాలని ఆయనే చెబుతున్నా మావారు వినలేదు.

"రేపు ఏ అవసరం వస్తుందో!" అంటూ బరువైన ఆ రెండోదాన్నే మోసుకొచ్చారు.

ఏ అవసరమూ రాలేదు. దాంతో ఆయనే ఒకటి కల్పించుకున్నారు. ఆఫీసు నుంచి రాగానే సాక్సు కూడా విప్పకుండా కార్ల పందెం ఆట! ఆట మొదలైతే చాలు, ఫ్యాను రొద పెట్టేది. ఎడమ పక్క నుంచి వేడిగాలి కొట్టేది.

మా ఏసీ ఇంట్లో ఇడ్లీ పిండి పులిసేది కాదు. ఒక శుక్రవారం, సెలవు కదా, పొద్దున్నే ఆయన ఆటలో ఉండగా పిండి గిన్నె తెచ్చి, లాప్‌టాప్‌కు ఆనించి, ఆ గాలికి పెట్టాను.

"ఇదేంటే?"

"మీరు ఆపకండి. ఆడుతూనే ఉండండి."

నా నోట ఆ మాట వినగానే ఆయన రెచ్చిపోయారు. వంట ముగించి వచ్చేసరికి పిండి మూతను నెట్టుకుని, అంచు దాటి, కీబోర్డు మీదికి జారుతోంది. ఆయన కళ్ళు తెర మీద, వేళ్ళు పిండిలో.

"ఏమండీ, పిండి!"

"ఉండవే, ఆఖరి రౌండు!"

తెర నల్లబడింది.

గిన్నెలో మిగిలిన పిండితో వేసిన ఇడ్లీలు దూదిలా వచ్చాయి. మావారు ఒక్కటీ ముట్టలేదు.

మర్నాడు షాపాయన లాప్‌టాప్ విప్పి వాసన చూశాడు. "సార్, ఇస్ మే దోశ?"

"ఇడ్లీ," అని మావారు గంభీరంగా సరిదిద్దారు.

అది ఇక బాగుపడదన్నాడు. మారుమాట లేకుండా మొదటి రకం కొనుక్కొచ్చాం. ఇంటికి రాగానే ఆయన అందులోనూ పందెం పెట్టి చూశారు. కారు ఆగి ఆగి, కుంటుకుంటూ కదిలింది. కాసేపు దాన్నే చూసి, "అచ్చం పొద్దున ట్రాఫిక్‌లో నేను ఆఫీసుకెళ్తున్నట్టే ఉందే," అని తృప్తిగా హారన్ నొక్కారు.