కుర్చీలో కూర్చున్న టీచరమ్మ

పెళ్ళయి 2009లో అమెరికాలోని ప్లేనో వచ్చాను. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నన్ను మావారు జుట్టు కత్తిరించడం నేర్పే కోర్సులో చేర్పించారు. ఆయనకు ఆఫీసే లోకం. నేను మాత్రం నా జోకులన్నీ క్లాసులోని బొమ్మ తలలకు చెప్పుకొనేదాన్ని.

చివరి పరీక్షకు ఎవరి మనిషిని వాళ్ళు తెచ్చుకోవాలి. కబుర్లు చెబుతూ కత్తిరించాలి, కబుర్లకూ మార్కులుంటాయి. అందరూ అమ్మల్నీ అక్కల్నీ తెచ్చుకున్నారు. తిరుపతిలో దేవుడికి అడక్కుండానే తలలు అప్పగిస్తారు. నాకు ఆ ఊళ్ళో బతిమాలుకోవడానికైనా ఒక తల లేదు. మావారికి మీటింగు.

ఖాళీ కుర్చీ పక్కన కత్తెర పట్టుకుని నిలబడ్డాను. ఇక ఫెయిలే అనుకుంటుండగా మా టీచరు వచ్చి అందులో కూర్చుంది. మార్కులు వేసేదీ ఆవిడే, జుట్టూ ఆవిడదే. భయంతో నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ మాయమయ్యాయి.

"టాక్, హనీ. యువర్ ఓన్ లాంగ్వేజ్ ఈజ్ ఫైన్," అంది.

"మా అత్తగారి నాలుక ముందు ఈ కత్తెరకు పదునే లేదు టీచరమ్మా," అని తెలుగులో మొదలుపెట్టాను. ఇక ఆగలేదు. నేను నవ్వినప్పుడల్లా అద్దంలో ఆవిడా నవ్వింది.

పాసయ్యాను. అమెరికా వచ్చాక నేను కడుపునిండా మాట్లాడింది ఆ రోజే, ఒక్క ముక్కా అర్థంకాని మనిషితో.