ఆవిడ పెట్టని సంతకం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమలాపురంలో ఒక నెట్ సెంటర్లో కూర్చుని కాంట్రాక్టర్లకి టెండర్లు నింపేవాణ్ణి. అప్పుడప్పుడే కాగితం టెండర్లు పోయి కంప్యూటర్ టెండర్లు వచ్చాయి. సంతకం కూడా కంప్యూటర్లోనే. దానికి పెన్‌డ్రైవ్ లాంటి చిన్న తాళం ఇచ్చేవారు. అది గుచ్చి పాస్‌వర్డ్ కొడితే, తాళం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు స్వయంగా సంతకం పెట్టినట్టే లెక్క. అందుకే దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదని చట్టం. మా వాళ్లు మాత్రం ఆ తాళాలన్నీ తెచ్చి నా సొరుగులో పడేసి, పాస్‌వర్డు చీటీ దానికే అంటించి పోయేవారు. "నువ్వే నొక్కేద్దూ బాబూ, ప్రతిదానికీ మేమేం రాగలం?" అనేవారు. పెద్దమనుషుల సంతకాలన్నీ నా సొరుగులో ఉన్నాయని నేను లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. వెర్రివాణ్ణి.

వాటిలో ఒక తాళం రాజోలు వైపు నుంచి వచ్చే ఒక కాంట్రాక్టరు గారి భార్యది. పని ఆయనది, లైసెన్సు ఆవిడ పేరు మీద. అలా చాలామందికి ఉండేది. ఆవిడ చర్చిలో ఆదివారం పూట పిల్లలకి పాఠాలు చెబుతారని విన్నాను గాని ఎప్పుడూ చూడలేదు. ఒక మధ్యాహ్నం కళ్లజోడు చేయించుకోవడానికి అమలాపురం వచ్చి, భర్తతో పాటు మా సెంటర్లోకి వచ్చారు. ముక్తేశ్వరం దగ్గర కాలవ మీద కట్టే ఒక కల్వర్టు టెండరు. సాయంత్రం అయిదింటికి గడువు. అంతా నింపేశాను, నొక్కడమే తరువాయి.

ఆవిడ కొత్త కళ్లజోడు పెట్టుకుని తెర మీదకి వంగారు.

"పని జరిగే చోటు నేను స్వయంగా చూసేనని రాసుందేంటండీ? నేను చూడలేదు కదా?"

"అందరికీ అదే ఉంటుందండీ, ఎవరూ చూడరు," అన్నాను.

"ఎవరో సంగతి నాకెందుకండీ? పేరు నాది," అన్నారు. "ఆయ్, చూసొచ్చేద్దాం పదండి," అని భర్తని లేవదీశారు.

ఆయన నా వంక చూసి తల పట్టుకుని, స్కూటరు తీశారు. నాకు ఒళ్లు మండింది. చదువుకున్న ఆడవాళ్లతో ఇదే చిక్కని పక్కాయనతో వేళాకోళం కూడా ఆడాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

అయిదుకి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. ఆయనే.

"టైరు పంచరయ్యింది బాబూ, అందుకోలేం. నువ్వు నొక్కెయ్. ముందు పని పోకుండా చూడు."

ఆవిడని అడిగారా అని నేను అడగలేదు. అడగాలని తోచనైనా లేదు. నొక్కేశాను.

అయిదున్నరకి ఆవిడ వచ్చారు. చీర కుచ్చిళ్ల నిండా బురద. కాలవలోకి దిగి చూసినట్టున్నారు. "ఇంక టెండరు వెయ్యక్కర్లేదు లెండి," అన్నారు అలసటగా. "అక్కడ అడుగంతా ఊబి. మనం అనుకున్న రేటుకి గట్టి పునాది పడదు."

"అయిపోయిందండీ. సార్ చెప్పారు, నొక్కేశాను," అన్నాను.

ఆవిడ భర్త వంక చూశారు. ఆయన నేల చూశారు.

"నా సంతకం మీరు పెట్టేరా?" అని నన్ను అడిగారు. అరవలేదు, తిట్టలేదు. చెంపదెబ్బ తిన్నా అంత నొచ్చుకునేవాణ్ణి కాదు. నా సొరుగులోంచి తన తాళం అడిగి తీసుకుని వెళ్లిపోయారు.

పని వాళ్లకే వచ్చింది. అంత తక్కువకి ఎవరూ వెయ్యలేదు మరి. ఆ సంతకం చెల్లదనడానికి దారుందేమో కనుక్కుందామని ముగ్గురం కలిసి ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాం. తాళం, పాస్‌వర్డు మీరే ఇచ్చారు గనక సంతకం మీదేనంటారు, కాదనాలంటే ఆ సమయానికి మీరు ముక్తేశ్వరంలో ఉన్నట్టు సాక్ష్యం చూపించాలి అన్నారాయన. పంచరు వేసినవాడు సాక్ష్యం చెబుతాడని భర్త గారు హుషారుగా లేచారు.

"అప్పుడు నొక్కినోళ్ల మీద కేసు పెడతారాండీ?" అని ఆవిడ అడిగారు.

"పెట్టొచ్చమ్మా," అన్నారు లాయరు గారు.

నొక్కింది నేను. అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు.

ఆవిడ కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకున్నారు. "చూడకుండా నా పేరు ఇచ్చేసింది నేనేనండీ. పని చేసేద్దాం," అన్నారు. భర్త గారు ఏదో అనబోతే, "పునాది మట్టుకు తగ్గించకూడదు, నేను దగ్గరుండి చూస్తాను," అన్నారు.

అన్నట్టే రోజూ వచ్చి గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డారు. ఆ పనిలో వాళ్లకి నష్టమే వచ్చిందని తరువాత తెలిసింది. నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. పని పూర్తయ్యాక బిల్లు పంపడానికి, పాస్‌వర్డు మార్చుకున్న తాళం తీసుకుని మా సెంటరుకి తనే వచ్చారు. ప్రతి వరుసా చదివారు. పాస్‌వర్డు దగ్గరికి వచ్చేసరికి ఆగి, "బాబూ, కాస్త అటు తిరుగుతారా?" అన్నారు.

నేను లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.