ఎడమ చేతి గేరు

డ్రెస్డెన్‌లో నా మొదటి డ్రైవింగ్ పరీక్ష పోవడానికి కారణాలు రెండు. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. గేరు మార్చాల్సినప్పుడల్లా నా ఎడమ చెయ్యి వెళ్ళి తలుపుకు కొట్టుకునేది. పైగా ఎత్తు మీద బండిని హ్యాండ్‌బ్రేకుతో కాకుండా హాఫ్ క్లచ్‌లో నిలబెట్టాను. నేను నేర్చుకున్నది ఏలూరులో, మా నాన్న ట్యాక్సీ మీద. అది పాత హ్యాండ్ గేర్ అంబాసిడర్. గేర్ రాడ్ స్టీరింగ్ కిందే ఎడమపక్కన ఉండేది, హ్యాండ్‌బ్రేకు మాత్రం పేరుకే. రైల్వే బ్రిడ్జి ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగిందంటే నాన్న పక్కన కూర్చుని, "కంగారుపడకమ్మా, కాలికి తెలిసిపోద్ది" అనేవాడు. పరీక్ష పెట్టినాయనకు ఇదంతా ఎవరు చెప్తారు? రెండోసారి ఎలాగో పాసయ్యాను గానీ ఆ మంట చల్లారలేదు.

తర్వాత కరోనా వచ్చింది, అందరం ఇంటికి అతుక్కుపోయాం. మా కింది అంతస్తులో ఒక జర్మన్ పెద్దాయన ఉండేవాడు. పడుచుతనంలో ఆస్ట్రేలియాలో మెకానిక్‌గా చేసి, ఆదివారాలు మట్టి ట్రాకుల మీద రేసులు తోలిన మనిషి. తిరిగొస్తూ ఓడలో ఒక ట్రక్కు తెచ్చుకున్నాడు. ముందు కారులా, వెనక తొట్టిలా ఉంటుంది. అక్కడివాళ్ళు యూట్ అంటారట. మన దేశంలోలాగే దానికి స్టీరింగ్ కుడివైపు, గేర్ రాడ్ స్టీరింగ్ కిందే ఎడమపక్కన. ఊరి బయట కొండ మీదికి పాత బళ్ళన్నీ వరుసగా ఎక్కే పండుగ ఏటా జరుగుతుంది, దానికి ఈ యూట్ వెళ్ళి తీరాల్సిందే. కరోనా మొదటి ఏడు అది రద్దయింది. మరుసటి ఏడు జనం లేకుండా జరుపుకోమన్నారు. ఈలోగా పెద్దాయనకు తుంటి ఆపరేషనై, క్లచ్ తొక్కలేని స్థితికొచ్చాడు.

"ఈసారి కొండెక్కకపోతే అమ్మేస్తాను. కదలని బండిని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు" అన్నాడు. కొనేవాణ్ణి సోమవారం రమ్మని కూడా చెప్పేశాడు.

ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చి పెరట్లో ప్రయత్నించారు. ఎడమచేత్తో గేరు వెయ్యడం వాళ్ళ వల్ల కాలేదు. ఆ కరకర చప్పుడుకు బాల్కనీలో మీటింగులో ఉన్న నాకు పళ్ళు జివ్వుమన్నాయి. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాను.

"నీకెందుకే పరాయివాళ్ళ బండి? గీత పడితే ఆయన మొహం ఎట్టా చూస్తాం?" అన్నారు మావారు.

"మీరూరుకోండి. ఈ వీధి మొత్తానికి దీనికి డ్రైవర్ని నేనే" అని కిందికి దిగాను.

బండెక్కి కూర్చోగానే ఎడమ చెయ్యి నన్నడక్కుండానే గేర్ రాడ్ మీదికి వెళ్ళింది. మూడే గేర్లు. మూడూ చప్పుడు లేకుండా పడ్డాయి. పెద్దాయన చేతికర్ర నేలకేసి టకటకా కొట్టాడు.

పండుగ రోజు ఇద్దరం మాస్కులు పెట్టుకుని, అద్దాలు దించుకుని బయల్దేరాం. సగం ఎక్కామో లేదో, బాగా నిటారుగా ఉన్న మలుపులో మా ముందు కారు ఆగిపోయింది. వెనకేమో, అద్దంలా మెరుస్తున్న ఇంకో పాత కారు, మాకు దాదాపు ఆనుకునే ఉంది.

"హ్యాండ్‌బ్రేక్! హ్యాండ్‌బ్రేక్!" అని పెద్దాయన కేకపెట్టాడు.

నేను దాని జోలికి పోలేదు. హాఫ్ క్లచ్‌లో పట్టి ఉంచాను. ఇంజను కాస్త మూలిగింది, బండి మాత్రం అంగుళం కూడా వెనక్కి జారలేదు. పరీక్షలో నన్ను ఫెయిల్ చేయించిన కాలే ఇప్పుడు అంత బరువునూ మోస్తోంది. "చూస్తూ ఉండండి" అన్నాను తెలుగులోనే. ముందు కారు కదలగానే క్లచ్ వదిలాను. ఫస్టు, సెకండు, ఆపైన థర్డు. తోటల్లోంచి, కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. గర్వంతో నా ఒళ్ళంతా పులకరించింది, దాచుకోవడం దేనికి!

పైకి చేరాక పెద్దాయన మాస్కు దించి, కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీశాడు.

"సోమవారం రావద్దు. బండి అమ్మట్లేదు. డ్రైవరు దొరికింది" అని పెట్టేసి, "ఇక ఇంటికి పోదామా?" అన్నాడు నాతో.

"అప్పుడే ఇంటికేంటి? కిందికెళ్ళి మళ్ళీ ఎక్కుదాం" అని ఫస్టు గేరు వేశాను.